టాటా డైరీ: రెండేళ్ల మనవరాలితో గోదారి గట్టు మీద

నవంబరు మొదలు

అమ్మాయి రెండో పురుటికి వచ్చింది. ఏడో నెల. వెంట రెండేళ్లు నిండి మూడు నెలలైన పెద్దది. డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దంది, ఈ పిల్లేమో వాళ్లమ్మ కనిపిస్తే చాలు చేతులు చాస్తుంది. అందుకని ఇంట్లో శాఖలు పంచుకున్నాం. తిండి, స్నానం, నిద్ర అమ్మమ్మకు. 'టాటా' నాకు. మా చిట్టి లెక్కలో గుమ్మం దాటితే ఏదైనా టాటానే, మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లినా సరే.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. సైటులో ఏం జరిగినా సాయంత్రానికల్లా రాసిపెట్టడం అలవాటు. కాబట్టి దీన్నీ ఒక పనిగా ఎత్తుకుని, అలమరలో ఖాళీగా పడి ఉన్న పాత డైరీ తీశాను. మా ఇల్లు రాజమండ్రిలో కంబాలచెరువు దగ్గర. గోదారి రేవు, రైళ్లు, ధవళేశ్వరం బ్యారేజీ, కడియం నర్సరీలు అన్నీ గంట లోపే. సదుపాయానికి కొదవ లేదు. ఎంతసేపు, ఎప్పుడు అన్నదే చూసుకోవాలి.

ముందు టైము. పిల్ల ఆరున్నరకు లేస్తుంది, పన్నెండున్నరకు పడుకుంటుంది, రెండు దాకా కదలదు. ఆ పగటి నిద్ర చెడితే రాత్రి దాకా ఇల్లంతా టెన్షన్. అందుకే ఏడున్నరకు బయల్దేరి పదింటికల్లా ఇంట్లో ఉండాలని గీత గీశాను. ఎంత బాగున్నా, ఎవరు ఆపినా సరే, పది.

బండి సంగతి. స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లమని పక్కింటాయన సలహా. మనూళ్లో అందరూ చేసేది అదే. కానీ నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే నడిపేవారికి కట్టే బెల్టు, పిల్లకు హెల్మెట్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 నుంచి నిబంధన ఉంది. నా మోకాళ్లను చూసుకుంటే ఆ నిబంధన లేకపోయినా ఎక్కించను. ఆటో, బస్సు, కాలినడక. ఇవే.

సంచిలో రెండు జతల బట్టలు, పాత తువ్వాలు, కాచి చల్లార్చిన నీళ్ల సీసా, రెండు చక్రకేళి అరటిపళ్లు. గట్టు మీద అమ్మే వేరుశనగలు, బఠాణీలు పిల్ల చేతికి ఇవ్వను. ఈ వయసులో గింజ గొంతుకు అడ్డం పడితే పెద్ద ప్రమాదం. ద్రాక్షయినా నిలువునా నాలుగు చీలికలు చేసి పెట్టాల్సిందే. ఈ విషయంలో మా ఆవిడ నాకంటే కఠినం.

నవంబరు రెండో వారం: పుష్కర ఘాట్

కార్తీకమాసం. తెల్లవారుజామున, సాయంత్రం రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. స్నానాల రద్దీ తగ్గిన వేళ చూసుకుని ఎనిమిదికి వెళ్లాం. నేను చూపించాలనుకున్నది గోదారిని. అది చూసింది మెట్లను.

ఎక్కడం, దిగడం. మళ్లీ ఎక్కడం. నీళ్లకు చాలా పైనున్న మెట్ల మీదే, చెయ్యి వదలకుండా. ఎక్కుతుంటే 'ఎక్కు' అని నేను, దిగుతుంటే 'దిగు' అని నేను. కాసేపటికి నా కంటే ముందే అది అంటోంది. రెండూ తారుమారు చేసి అంటోంది గానీ అంటోంది. కమానుల వంతెన మీద రైలు వెళ్తే ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్లీ మెట్ల పనిలో పడింది.

ఇంటికొచ్చాక నాకు ఒక ఆలోచన తట్టింది. ఈ ప్రాజెక్టు మొత్తానికి అదే ఎస్టిమేటు అనుకోండి. ట్రిప్పుకో జత మాటలు. ఆ చోటే ఆ జతను చూపించాలి, నేను పాఠం చెప్పకూడదు. రేవుకు ఎక్కు-దిగు. ధవళేశ్వరానికి తెరు-మూయి. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెనకు పైన-కింద. ఇసుకకు తడి-పొడి. రాయడం మొదలుపెడితే కాగితం సగం నిండింది. అమ్మాయి చూసి, "నాన్నా, అది ఇంకా డైపరు మానలేదు, నువ్వు సిలబస్ రాస్తున్నావు" అంది.

సిలబస్ కాదు. వెళ్లిన చోట నా నోరు ఎక్కువ తెరుచుకోకుండా పెట్టుకున్న కళ్లెం. తాతలకు ఉన్న జబ్బే అది, ఏది కనబడితే దాని చరిత్ర మొదలుపెడతాం. పాత హేవలాక్ వంతెన 1900లో మొదలైందనీ, 1997 దాకా రైళ్లను మోసిందనీ పిల్లకెందుకు? దానికి కావాల్సింది 'ఎక్కు'.

అదే వారంలో మళ్లీ రేవుకే వెళ్లాం. కొత్త చోటు చూపించలేదని మా ఆవిడ గొణిగింది. కానీ మొదటిసారి ఎరగని చోట బెరుకుగా తిరిగిన పిల్ల, రెండోసారి ఆటో దిగుతూనే నా వేలు పట్టుకుని అటు లాగింది. ఆ తర్వాత వెళ్లినప్పుడు పడవ కట్టిన తాడు, మెట్ల మీద ఎండిన ఆవు పేడ, పూల బుట్టలమ్మ చేతి గాజులు ఒక్కొక్కటే కనబడ్డాయి దానికి. చోటు పాతబడేకొద్దీ చూపు కొత్తదవుతోంది.

ఇంటి పని: తొట్టి

టీవీ, ఫోను విషయంలో అమ్మాయి గట్టిగానే ఉంది. రెండేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. మా అల్లుడు గారు ఆన్‌లైన్‌లో చెక్క బొమ్మల పెట్టె ఒకటి పంపారు. రంగులు బాగున్నాయి. పిల్ల రెండు రోజులు ఆ బొమ్మలతో, వారం పైగా ఆ అట్టపెట్టెతో ఆడింది.

అటక మీద మా అమ్మ నాటి ఇత్తడి కొలపాత్రలు ఉన్నాయి. గిద్దె, సోల, తవ్వ. చింతపండు పెట్టి తోమించి దించాను. నాలుగు గిద్దెలు పోస్తే సోల, రెండు సోలలు పోస్తే తవ్వ. దానికి లెక్క రాదు, రానక్కర్లేదు. కానీ గిద్దెతో సోలలో పోస్తూ పోస్తూ ఉంటే ఒక దగ్గర పొర్లుతుంది చూడండి, అక్కడ దాని మొహం చూడాలి. 'నిండింది' అన్న మాట అలా వచ్చింది. తలకిందులు చేసి చూపించి 'కాళీ' అంది. మొదట నీళ్లతో, తర్వాత బియ్యంతో. బియ్యం రోజున ఊడ్చుకునే బాధ్యత నాదని ముందే ఒప్పందం.

స్నానాల తొట్టికి నా పాత ఉద్యోగం బుద్ధి అంటింది. లోపలి వైపు మూడు గీతలు గీశాను. ధవళేశ్వరం దగ్గర వరద 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మా తొట్టిలో అడుగులు లేవు, అంగుళాలు. నీళ్లు మొదటి గీత తాకగానే పిల్ల 'ఒకటో!' అని అరుస్తుంది. మూడో గీతకు వస్తే అమ్మమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి లంక గ్రామాల జనంలా ఖాళీ చేసి వెళ్లాలి. పాపం, చేస్తోంది కూడా. పని అవగానే తొట్టి వంచేయడం మాత్రం నా డ్యూటీ. జానెడు నీళ్లున్నా, ఒక్క నిమిషమైనా, పిల్లను ఒంటరిగా వదలకూడదు. బకెట్లకూ అదే రూలు.

డిసెంబరు: ధవళేశ్వరం

నా సొంతూరికి తీసుకెళ్తున్నంత సంబరం నాకు. బస్సెక్కాం, అమ్మమ్మ కూడా వచ్చింది. 2025 ఆగస్టులో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం వచ్చినప్పటి నుంచి ఆవిడకు సున్నా టికెట్టు, అయిదేళ్ల లోపు కాబట్టి పిల్లకు టికెట్టే లేదు. కండక్టరు నా ఒక్కడి దగ్గరే డబ్బులు పుచ్చుకున్నాడు. ఆ సున్నా టికెట్టు కాగితం పిల్ల లాక్కుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. వానాకాలంలో వస్తే గేట్లన్నీ ఎత్తి ఉంటాయి, ఆ హోరుకు పిల్ల జడుసుకునేది. డిసెంబరులో దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు నిలబెట్టాలి కాబట్టి నది గేట్లు మూసే ఉంటాయి. తెరిచి ఉండేవి కాలవల తలుపులు. అంటే ఒకే చోట మూసిన గేట్లూ, నీళ్లు వదులుతున్న గేట్లూ రెండూ చూపించవచ్చు. ఆ సంగతి తెలిసే ఈ నెల ఎంచుకున్నాను.

దూరంగా, కమ్మీలకు ఇవతల నిలబడి చూపించాం. "ఇక్కడ గేటు మూశారు. నీళ్లు ఆగాయి. అక్కడ తెరిచారు. నీళ్లు వెళ్తున్నాయి." అంతే మాట్లాడాను. ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసిన చోట నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. పిల్ల నీళ్ల వైపు చూసి, గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర విగ్రహం వైపు చూసి, "గుల్లం!" అంది. దొర దానికి కనబడనే లేదు. మ్యూజియంలోకి తీసుకెళ్తే పాత యంత్రాల మధ్య ఒక పిల్లి దొరికింది. ఆ పిల్లి వెంట తిరిగాం. పదింటికి ఇంటికి చేరాం.

అసలు పని సాయంత్రం జరిగింది. చెప్పుల అట్టపెట్టెకు మధ్యలో చీలిక కోసి, అందులో పైకీ కిందికీ జరిగేలా అట్టముక్క పెట్టాను. ఒక వైపు బియ్యం పోసి పెట్టెను కాస్త ఏటవాలుగా పెడితే, గేటు ఎత్తగానే జారుతాయి. దించితే ఆగుతాయి. మా ఆవిడ రెండు మూడు సార్లు తనే ఎత్తి దించింది. ఇక పిల్ల సంగతి చెప్పేదేముంది. తెల్లారేసరికి ఇంట్లో ప్రతి తలుపూ గేటే. ఫ్రిజ్ 'తెలు'. బీరువా 'మూయి'. నేను ఆవలిస్తే నా నోరు కూడా 'మూయి తాతా'.

పాపికొండల గొడవ

ఈ మధ్యలో అల్లుడు గారు వారాంతం వచ్చారు. పిల్లను పాపికొండలు తీసుకెళ్దాం మావయ్యగారూ, లాంచీలో బాగుంటుంది అన్నారు. ఆయన సరదా ఆయనది. నేను వద్దన్నాను. పొద్దున బయల్దేరితే వచ్చేసరికి రాత్రి, నడుమ నిద్రకు చోటు లేదు, దిగిపోదామంటే మధ్యలో రేవుండదు. లాంచీలో మైకు పెట్టి డాన్సులు. రెండేళ్ల పిల్ల కొండలు చూడదు, కాళ్ల దగ్గర దొర్లే సీసా మూత చూస్తుంది. ఆ సీసా మూత మన గుమ్మంలోనూ దొరుకుతుంది. ఆరేడేళ్లు వచ్చాక నేనే దగ్గరుండి తీసుకెళ్తానన్నాను. కాస్త చిన్నబోయారు.

బదులుగా ఆయన్ని కొవ్వూరు ట్రిప్పుకు పెద్దను చేశాం. రాజమండ్రి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, గోదారి దాటి, కొవ్వూరులో దిగిపోవడం. అంతే ప్రయాణం. ఎప్పుడూ కింది నుంచి చూసే రైల్లో తానే కూర్చుని, ఎప్పుడూ మెట్ల మీది నుంచి చూసే నీళ్లను పై నుంచి చూడటం దానికి పెద్ద వింత. వంతెన మీద చప్పుడు మారగానే వాళ్ల నాన్న మెడ పట్టుకుంది, తర్వాత వదిలేసింది. వచ్చేటప్పుడు రోడ్డు కం రైలు వంతెన మీద ఆటో. 1974 నాటి ఆ వంతెనకు పైన రోడ్డు, కింద పట్టాలు. మేం నడిమికి వచ్చేసరికి కింద గూడ్సు వెళ్లింది. అదృష్టం, అడిగి తెప్పించుకునేది కాదు. "రైలు ఏదిరా?" అని వాళ్ల నాన్న అడిగితే ఆటోలో పాదాల కిందికి వేలు చూపించింది. 'కింద' అనలేదు, 'కూ' అంది. పైన-కింద ఇంకా రాలేదని డైరీలో రాసుకున్నాను, ఇప్పటికీ సగమే వచ్చింది.

జనవరి

కడియపులంక నర్సరీలు ఈ కాలంలో చూడాలి. కొత్త సంవత్సరానికి మొక్కలతోనే అంకెలు, బొమ్మలు పేరుస్తారు, వాటి ముందు ఫొటోల జనం. మేం ఆ వైపు పోలేదు. హైవే పక్కన కాకుండా లోపలి సందులో ఒక చిన్న నర్సరీలో, యజమానిని అడిగి, రాలిన బంతిపూలు, చామంతులు ఏరుకున్నాం. ఆయన డబ్బులు పుచ్చుకోలేదు గానీ నా చేత రెండు గులాబీ అంట్లు కొనిపించాడు.

ఇంట్లో రెండు స్టీలు పళ్లేలు. ఒక దాంట్లో పసుపు పువ్వు ఒకటి, ఇంకో దాంట్లో తెల్లది ఒకటి పెట్టి, మిగతావి కుప్ప పోశాం. ఈ వయసులో రంగు పేరు కంటే ముందు, రంగుకు రంగు జత చేయడం వస్తుంది. 'ఇది ఏ రంగు?' అని అడిగితే దేనికైనా 'ఎల్లో' అంటుంది. 'దీని ఫ్రెండు ఎక్కడ?' అని అడిగితే సరైన పళ్లెంలో వేస్తుంది. ఆరంజి బంతి వచ్చినప్పుడు మాత్రం రెండు పళ్లేల మధ్య నేల మీద పెట్టింది. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది.

రేకులు దాచి భోగిపళ్లకు వాడాం. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, పూలరేకులు సరే, చిల్లర నాణేలు మాత్రం పిల్లలు నోట్లో పెట్టుకుంటారని ముందే లెక్కపెట్టి పోశాం, అవగానే లెక్కపెట్టి ఏరాం. ఒకటి తగ్గింది. సోఫా అంతా విప్పితే మా ఆవిడ కొంగులో దొరికింది.

సంక్రాంతి దాటిన వారానికి తమ్ముడు పుట్టాడు.

ఇక్కడ నుంచి డైరీ కొంచెం చిందరవందర. పిల్ల మెట్లెక్కడం మానేసి ఎత్తుకోమంది. వచ్చిన మాటలు కొన్ని పోయాయి, పాలసీసా అడిగింది. పెద్దపిల్లలకు ఇది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. కొత్త చోట్లన్నీ ఆపేసి రోజూ రేవుకే, అదే వేళకు, అదే దారిన వెళ్లాం. ఇంట్లో అన్నీ మారిపోతున్నప్పుడు బయట ఒకటైనా మారకుండా ఉండాలని నా ఉద్దేశం. జత మాటలు కూడా పక్కన పెట్టాను. ఒక్క పని మాత్రం ఇచ్చాను: తమ్ముడికి ఏదైనా తీసుకెళ్దాం అని. ఒక రోజు రావి ఆకు, ఒక రోజు గులకరాయి, ఒక రోజు ఎవరిదో చెప్పు (అది తిరిగి ఇచ్చేశాం). వాళ్లమ్మ ప్రతిదీ తీసుకుని కిటికీలో పేర్చింది. పది పదిహేను రోజులకు మళ్లీ మెట్లెక్కింది.

ఫిబ్రవరి: పుస్తకం

మొదట చెప్పిన సున్నా టికెట్టు గుర్తుందా? అలాంటివన్నీ ఒక కవర్లో వేస్తూ వచ్చాను. ప్యాసింజరు టికెట్టు, ఎండిన బంతి రేకు, ఇసుక గీసుకున్న కాగితం, ఫోనులో తీసిన ఫొటోల ప్రింట్లు. నాలుగు మందపాటి అట్టల మీద అతికించి, చిల్లులు పొడిచి, మా కాలవల మీద పనిచేసే లస్కరు కట్టే ముడితో తాడు కట్టాను. ఒక్కో అట్టకు ఒక్కో చోటు. కింద ఏమీ రాయలేదు, అది చదివే పుస్తకం కాదు, చెప్పే పుస్తకం.

రాత్రి పక్క మీద తెరిచి "ముందు ఏం ఎక్కాం?" అంటాను. "బస్". "తర్వాత?" "గుల్లం." గుర్రం ఎక్కలేదు, అయినా కానీయ్. ఇప్పుడు రెండు మాటలు కలుస్తున్నాయి: 'గేటు తెలు', 'నీలు నిండి', 'తాత దిగు'. మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ ఈ అట్టలు చూసి, కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన 'నవచేతన'లో మూడేళ్ల లోపు పిల్లలకు నెలవారీగా ఇలాంటి ఇంటి ఆటలే ఉన్నాయని చెప్పింది. ఖరీదైన వస్తువు ఏదీ అక్కర్లేదన్న మాట ఆవిడా అంది. మా ఆవిడ అల్లుడు గారి చెక్కబొమ్మల పెట్టె వైపు చూసి ఊరుకుంది.

రానివి కూడా రాస్తున్నాను. తడి-పొడి ఇసుక ఆట దానికి పట్టలేదు, తడి ఇసుక చేతికి అంటితే ఏడుస్తుంది. తేలడం-మునగడం బాగా సాగింది: నిమ్మకాయ, కొబ్బరి పీచు, గరిటె. గరిటె మునిగిన ప్రతిసారీ 'అయ్యో' అని నన్ను ఓదారుస్తుంది. ముగ్గుపిండితో గీతలు అమ్మమ్మ శాఖ, నేను వేలు పెట్టను.

మార్చి: ఛార్జి అప్పగింత

మూడో నెల దాటాక తల్లీ పిల్లలు హైదరాబాదు వెళ్తారు. ఉద్యోగంలో బదిలీ అయితే ఛార్జి లిస్టు రాసి ఇచ్చినట్టు, అల్లుడు గారికి ఒక కాగితం రాసిచ్చాను. ఇంటి దగ్గర పార్కు ఒకటి పట్టుకుని దానికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. నెలకోసారి పెద్ద చోటు చాలు. ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైల్లో రద్దీ లేని వేళ రెండు స్టేషన్లు వెళ్లి రావడం దీనికి కొవ్వూరు ట్రిప్పుతో సమానం. నెహ్రూ జూకు సోమవారం సెలవు. అక్కడ మొత్తం తిరగొద్దు, ఏనుగు ఒక్కటి చూపించి, బొమ్మరైలు ఎక్కించి తీసుకురావాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి గడియారంలో గంట గంటకూ చిన్న మనిషి బయటికొచ్చి, ఎంత టైమైతే అన్ని గంటలు కొట్టి తలుపు వెనక్కి వెళ్తాడు. తెరు-మూయికి అంతకంటే మంచి చోటు లేదు. పన్నెండు గంటలకైతే ఎక్కువసేపు కొడతాడు గానీ, అప్పటికి దీనికి నిద్ర ముంచుకొస్తుంది. పదకొండుకు ఖాయం చేసి, కింద గీత గీశాను. అల్లుడు గారు కాగితం చదివి, "మావయ్యగారూ, పదకొండుకు అక్కడ ఉండాలంటే మా ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరాలో కూడా రాసెయ్యండి" అన్నారు. ట్రాఫిక్ సంగతి ఆయన్నే అడిగి, తొమ్మిదింబావు అని రాశాను.